రెండు కొండలు లేని ఊరి బొమ్మ

పసిచేతి గీతా, నీకు జేజేలు.

ఏలూరులో అద్దెయింటి గోడ మీద పాకుతావు. కైకలూరులో వీధరుగు మీద సుద్దముక్క పట్టుకుని పరుగెడతావు. గూడెంలో, అదే తాడేపల్లిగూడెంలో, డాబా మీద తడివేలితో పుట్టి, ఎండకి ఆవిరైపోయి, చెంబులో నీళ్ళు నిండుకునేదాకా మళ్ళీ మళ్ళీ పుడతావు. నీకు పేరు పెట్టాలని పెద్దవాళ్ళకి తొందర. ఇది ఏనుగా, ఇది బస్సా, పోనీ ఇది నేనా అని అడుగుతారు. నువ్వింకా ఏదీ కావు. నువ్వు కదలికవి. ఏడాదిన్నర బిడ్డ భుజం నుంచి బయల్దేరి, మోచెయ్యి దాటి, పిడికిట్లోని బలపం కొసకి చేరి, తను కదిలితే లోకం మీద గుర్తు పడుతుందని ఆ బిడ్డకి మొదటిసారి తెలియజెప్పినదానివి. ఆ సంబరం ముందు ఏనుగెంత, బస్సెంత!

నువ్వు పుట్టడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. కృష్ణ కాలువ ఒక దిక్కునుంచి, గోదావరి కాలువ ఇంకో దిక్కునుంచి ఏలూరుకి వస్తాయి. తమ్మిలేరు, బుడమేరు మోసుకొచ్చినదంతా కొల్లేరు కడుపులో పెట్టుకుంటుంది. పెట్టుకోలేనిది ఉప్పుటేరు పట్టుకుని సముద్రానికి పోతుంది. నీరు తనకు తానే గీసుకున్న గీతలు కొన్ని, మనిషి పారతో గీసినవి కొన్ని. చేలగట్లు, చెరువుగట్లు, పిల్లకాలువలు, బోదెలు, మురుగుకాలువలు. ఆకాశంలో తిరిగే గూడబాతుకి ఈ సీమంతా ఎవరో తీరిగ్గా గీసి వదిలేసిన పలక. ఇలాంటి చోట పుట్టిన పిల్లకి గీయడం ఎవరైనా నేర్పాలా?

నేర్పుతాం. చిక్కంతా అక్కడే వచ్చింది.

"మంచి సీనరీ వెయ్యమ్మా, మామయ్యకి చూపిద్దాం" అంటాం. ఆరేళ్ళ పిల్ల గబగబా రెండు కొండలు గీస్తుంది. రెంటి మధ్య సగం సూర్యుడు, ఆయన చుట్టూ నిటారుగా కిరణాలు. కొండల్లోంచి మెలికలు తిరుగుతూ ఓ నది. నది ఒడ్డున ఎర్రపెంకుల ఇల్లు, పక్కన ఓ కొబ్బరిచెట్టు, పైన నాలుగు టిక్కు మార్కులు. అవి పక్షులట. మామయ్య భేష్ అంటాడు. పిల్ల వీపు మీద ఓ చరుపు పడుతుంది. ఆ కొండలెక్కడివి తల్లీ? కొల్లేటి లంకలో పుట్టినదానివి, నీ కిటికీలోంచి చూస్తే కొండన్నది లేదే! నీ ఊళ్ళో పొద్దు చేపల చెరువు గట్టు వెనకనుంచి లేస్తుంది. రైసుమిల్లు పొగగొట్టం పక్కనుంచి పైకెక్కుతుంది. నీ ఇంటి మీదుగా పోయే పక్షి టిక్కు మార్కు కాదు, అడుగు పొడుగు ముక్కేసుకుని, ఆ ముక్కు కింద సంచీ వేలాడేసుకుని, పెళ్ళివారింటికి పోయే పెద్దమనిషి తీరుగా నిదానంగా రెక్కలు కొట్టే గూడబాతు.

సీనరీ మీద నాకు పగేం లేదు. డ్రాయింగు పుస్తకాలున్న ప్రతిచోటా అది ఉంది, ఇకముందూ ఉంటుంది. ఒక్కటే బాధ. అది వచ్చాక పిల్ల కిటికీలోంచి చూడ్డం మానేస్తుంది.

కాబట్టి జేజేలు, ఆ సీనరీలో చోటు దొరకని వాటన్నిటికీ. తెల్లారగట్ట ఐసుపెట్టెల్లోంచి నీళ్ళోడుతూ నిలబడ్డ చేపల లారీకి. రొయ్యల చెరువులో రాత్రంతా నురగలు కక్కుతూ తిరిగే ఏరియేటర్ చక్రానికి. ఒక్క తాడిచెట్టు కడుపు తొలిచి చేసిన దోనెకి, దాని అంచున గెడ పట్టి నిలబడ్డ మనిషికి. ఊదారంగు పూలు పూసి కాలువని కమ్మేసే గుర్రపుడెక్కకి. కొల్లేటికోట పెద్దింట్లమ్మ తిరణాలలో రంగులరాట్నానికి. గూడెం మార్కెట్లో ఉల్లిపాయల బస్తాల మీద నిద్రపోయే పిల్లికి. గట్టు మీద మెడ వంచి నిలబడ్డ పసుపుపచ్చటి పొక్లెయినుకి. అయిదేళ్ళ మగపిల్లాడు దాన్ని కొంగ అనుకుని గీస్తే దిద్దకండి. వాడికి కనబడింది మీకు కనబడలేదంతే.

ఏలూరు జిల్లాలో కొండ చూడాలంటే ఉత్తరాన మెట్టకి పోవాలి. కామవరపుకోట దాటి గుంటుపల్లికి పోవాలి. పిల్లల్ని తప్పకుండా తీసుకుపొండి, ఎందుకో చెబుతాను. అక్కడ రెండువేల ఏళ్ళకు పైబడిన బౌద్ధ గుహల్లో గుండ్రటి చైత్యం ఒకటుంది. లోపలికెళ్ళి తలెత్తి చూస్తే కప్పు నిండా వాసాలు. రాతి వాసాలు! రాతి గుహకి వాసాలతో పనేముంది? కూలిపోకుండా ఆపేది అవి కాదు, అంతా ఒకే రాయి. ఉలి పట్టినవాళ్ళు తమకు తెలిసిన కర్రకప్పునే, వాసాల గుడిసెనే రాతిలో చెక్కారు. బుద్ధుడి కోసం, ధ్యానం కోసం కొండ తొలుస్తూ కూడా వాళ్ళ చేతులు ఇంటికప్పునే తలుచుకున్నాయి. ఈ సీమలో మనకు మిగిలిన పాత కళల్లో ఒకటి ఇల్లు చూసి గీసుకున్న బొమ్మ. మీ పిల్ల వెల్లకిలా పడుకుని ఫ్యాను రెక్కలు, దూలం, బల్లి గీస్తుంటే అది ఆ వంశంలోదే.

ఇక సామగ్రి. పన్నెండు రంగుల పెట్టె కొనొద్దని అనను, కొనండి, పిల్లల కళ్ళు మెరుస్తాయి. కానీ మన వంటిల్లు, పెరడు, చెరువుగట్టు కలిస్తే ఏ కొట్టూ పోటీకి రాదు.

వందనం పసుపుకొమ్ముకి. నీళ్ళలో కలిపితే బంగారం. అందులో తాంబూలపు సున్నం చిటికెడు కలిపితే కళ్ళముందే ఎర్రబారుతుంది. పెళ్ళికూతురి పాదాలకి పెట్టే పారాణి అలా పుట్టిందేనని చెప్పండి, మొదటి రసాయనశాస్త్రం పాఠం అయిపోయింది. సున్నం మాత్రం పెద్దవాళ్ళే కలపాలి, కంట్లో పడితే ప్రమాదం. పసుపుతో వేసిన బొమ్మ ఎండలో పెడితే నాలుగురోజులకి వెలిసిపోతుంది. వెలిసిపోనివ్వండి, అదో పాఠం. వందనం శంఖపుష్పానికి, వేడినీళ్ళలో వేస్తే నీలం, నిమ్మచుక్క పడితే ఊదా. వందనం దడి మీద పండిన బచ్చలిపళ్ళకి, నలిపితే చాలు వేళ్ళూ గౌనూ కాగితమూ ఒకే రంగు. గౌను సంగతి ముందే ఒప్పుకుని మొదలుపెట్టండి. వందనం ఉల్లిపొట్టుకి. గూడెం ఉల్లి మార్కెట్ పుణ్యమా అని ఈ ప్రాంతంలో దానికి కొదవలేదు. గుప్పెడు పొట్టు మరిగిస్తే తేనెరంగు దిగుతుంది, పాత తెల్లచొక్కా గుడ్డ ముంచితే పట్టుకుంటుంది. బొగ్గు, ఇటుకపొడి, కాఫీ డికాషన్ ఉండనే ఉన్నాయి. కుంచె లేదా? వేపపుల్ల కొస నమలండి.

మట్టి గురించి చెప్పకుండా ముందుకు పోలేను. దిగువన డెల్టాలో నల్లటి బంకమట్టి, పైన మెట్టలో ఎర్రమట్టి. గూడెం పరిసరాల్లో ఉన్నవాళ్ళు అదృష్టవంతులు, కాస్త అటూ ఇటూ తిరిగితే రెండూ దొరుకుతాయి. రెండు ముద్దలు పక్కపక్కన పెట్టి పిల్లల్నే తేల్చుకోమనండి, ఏది పగులుతుందో, ఏది జారుతుందో, ఏది వేలిముద్ర దాచుకుంటుందో. వినాయకచవితికి కొన్న విగ్రహం పీఠమెక్కనివ్వండి, దాని పక్కనే పిల్లాడు చేసిన, తొండం ఏదో చెయ్యి ఏదో తెలియని ఓ ముద్దకి కూడా రెండు గరికపోచలు పడనివ్వండి. కళ్ళకి గురివింద గింజలు పెట్టడం మన అలవాటు. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లో ఆ గింజ వద్దు, విషం. మిరియాలు పెట్టండి, చూపు ఇంకా తీక్షణంగా ఉంటుంది.

జేజేలు, పైసా ఖర్చులేని బొమ్మలకి. కొబ్బరాకుతో అల్లిన బూరకి, పాముకి, ముల్లు ఎప్పటికీ కదలని చేతిగడియారానికి. తాటాకు రెక్కలకి తుమ్మముల్లు గుచ్చిన గాలిమరకి. వేసవిలో ముంజలు జుర్రేశాక మిగిలిన రెండు కాయల మధ్య పుల్ల దూర్చి, పంగలకర్రతో తోసుకుంటూ వీధి చివరిదాకా పరుగెత్తే బండికి. ఆ బండికి చక్రం ఎందుకు వంకరపోతుందో కనిపెట్టిన పిల్లాడు శిల్పమూ చేశాడు, ఇంజనీరింగూ చేశాడు. ధనుర్మాసంలో ఆవుపేడతో చిన్నచిన్న భోగిపిడకలు తట్టి, మధ్యలో చిల్లుపెట్టి, ఎండాక దండ గుచ్చే చేతులకి. ఆ దండ మంటలో పడేటప్పుడు ఏడ్చే పిల్లలుంటారు. నెలరోజులు చేసింది నిమిషంలో పోయిందని ఏడుపు. అందులో నవ్వాల్సిందేం లేదు.

అదే నెలలో వాకిట్లో ముగ్గు. నానమ్మ చూపుడువేలికీ బొటనవేలికీ మధ్యనుంచి పిండి సన్నగా జారుతుంటే మునివేళ్ళ మీద కూర్చుని చూసే పిల్లని ఎప్పుడైనా గమనించారా? చుక్కలు పెడుతుంది నానమ్మ. ఎదురుచుక్కా సందుచుక్కా అన్నది పిల్లకి తెలిసిపోతుంది. మెలిక ఎక్కడ తిరగాలో, మొదలైన చోటికి ఎలా రావాలో కళ్ళతోనే నేర్చేసుకుంటుంది. అప్పుడు నానమ్మ చెయ్యాల్సిన పని ఒకటే. వాకిట్లో ఓ మూల మూరెడు జాగా పిల్లకి రాసిచ్చేయాలి. అక్కడ పిల్ల వేసింది చెరపకూడదు, దిద్దకూడదు, చుట్టాలొస్తున్నారని దానిమీద ఇంకో ముగ్గు వేయకూడదు. అపార్టుమెంట్లలో గడపకి స్టిక్కరు ముగ్గులు అంటిస్తున్నారు. శుభ్రంగానే ఉంటాయి. వాటి ముందు మునివేళ్ళ మీద కూర్చునే పిల్లని మాత్రం నేను చూడలేదు.

ఏలూరు తివాచీ సంగతి కూడా పిల్లలకి చెప్పాలి. పారశీకం నుంచి వచ్చిన విద్య ఈ ఊళ్ళో వేళ్ళూనుకుంది. ఉన్నిపోగుల్ని ఒక్కొక్క ముడిగా వేసుకుంటూ పోతే పువ్వు లేస్తుంది, తీగ సాగుతుంది. గళ్ళ లెక్కలపుస్తకంలో ఒక గడి ఒక ముడి అనుకుని రంగులు నింపుకోమంటే మూడో తరగతి పిల్లలు గంటలకొద్దీ తలెత్తరు. దగ్గరగా చూస్తే గడులే, దూరంగా పెడితే పువ్వు!

ఇంతకీ పిచ్చిగీతల నుంచి మనిషి ఎప్పుడు పుడతాడు? రోడా కెల్లాగ్ అనే ఆవిడ శాన్‌ఫ్రాన్సిస్కో నర్సరీ బడుల్లో మొదలుపెట్టి పసిపిల్లల బొమ్మలు లక్షల్లో పోగేసింది, 1969లో వాటి మీద పుస్తకం రాసింది. గీతలు ముందు సున్నా చుడతాయి, సున్నాలో అడ్డగీత నిలువుగీత పడతాయి, సున్నాకి కిరణాలు మొలుస్తాయి, ఆ కిరణాల్లోంచే ఓ నాడు కాళ్ళూ చేతులూ దిగుతాయి. మూడు నాలుగేళ్ళ వయసులో తలకాయలోంచే కాళ్ళు మొలిచిన మనిషి వస్తాడు. "పొట్టేదిరా?" అని అడక్కండి. వాడు చూసుకున్నది మొహాన్ని, తన దగ్గరికి నడిచొచ్చే కాళ్ళని. అమ్మంటే అంతే కదా! ఇంకాస్త పెద్దయ్యాక గాజుగోడల ఇళ్ళు గీస్తారు. గోడ బయటా కనబడుతుంది, లోపల టీవీ చూసే తాతయ్యా కనబడతాడు. చెరువు గీస్తే నీళ్ళలో చేపలన్నీ కనబడాల్సిందే, గూడబాతు గీస్తే సంచీలో మింగిన చేపతో సహా కనబడాల్సిందే. అలా ఉండదని వాళ్ళకి తెలియక కాదు. తెలిసినదాన్ని దాచిపెట్టడం వాళ్ళకి చేతకాదు.

వియన్నాలో చదువుకుని అమెరికాలో పిల్లల చిత్రకళ మీద 1947లో పెద్ద పుస్తకం రాసిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్, అచ్చువేసిన బొమ్మల్లో రంగులు నింపించే పుస్తకాలకి గట్టి విరోధి. గీత దాటకుండా నింపడం నేర్చిన పిల్ల తన గీత గీయడానికి జంకుతుందని ఆయన వాదం. నేనాయనంత కఠినుణ్ణి కాను, జ్వరం వచ్చిన రోజు అలాంటి పుస్తకం మంచి తోడే. రోజూ అదే అయితే కష్టం.

బహుమతుల సంగతి ఇంకా పెద్దది. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మానసిక శాస్త్రజ్ఞులు బొమ్మలంటే ఇష్టపడే నర్సరీ పిల్లల్ని ఎంచుకున్నారు. కొందరికి, గీస్తే బంగారు ముద్రా రిబ్బనూ ఉన్న పత్రం ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి ముందు చెప్పకుండా గీశాక ఇచ్చారు. కొందరికి ఏమీ లేదు. కొన్నాళ్ళకి బడిలో ఆ రంగుకలాలు ఊరికే పెట్టి చూస్తే, బేరం మీద గీసిన పిల్లలు మిగతావాళ్ళు గీసే సమయంలో దాదాపు సగమే గీశారు. ముందు చెప్పకుండా ఇచ్చినవాళ్ళ సరదా చెక్కుచెదరలేదు. "గీస్తే చాక్లెట్టు" అన్న మాట వెనక ఇంత ఉంది. గీశాక పక్కన కూర్చుని అనుకోకుండా ఓ జామపండు కోసిపెట్టండి, దాంట్లో తప్పులేదు.

ఆదివారం డ్రాయింగు క్లాసులకి పంపేవాళ్ళని తప్పుపట్టను, మంచి మాస్టారు దొరికితే అది భాగ్యమే. రాజమండ్రి కాలేజీకి ప్రిన్సిపాలుగా వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర దామెర్ల రామారావు గీతల్ని గమనించి బొంబాయి జె.జె. స్కూలుకి పంపకపోతే ఆ పేరు మనదాకా వచ్చేది కాదేమో. భీమవరం సీమవాడు అడివి బాపిరాజుకీ ఆ దొరే గురువు. అయితే నన్ను పట్టి లాగేది వేరే ముక్క. 1925లో మశూచి సోకి 27 ఏళ్ళకే పోయిన ఆ రామారావు ఇంట్లో ఆయనొక్కడే గీయలేదు. భార్య సత్యవాణి, తోబుట్టువు బుచ్చికృష్ణమ్మ కూడా కుంచెలు పట్టారు. ఆ రోజుల్లో ఆడవాళ్ళకి బొంబాయి ఎక్కడ, కళాశాల ఎక్కడ! ఇల్లే బడి అయింది. ఒకరు గీస్తుంటే ఇంకొకరికి చెయ్యి ఊరింది.

ఇంట్లో పెద్దలు గీస్తుంటే పిల్లలు గీస్తారు. ఇదొక్కటీ నమ్మకంగా చెప్పగలను. నాన్న లెక్కల చీటీ వెనక తాడిచెట్టు గీసినా చాలు, పిన్ని జాకెట్టు మీద కుట్టే లతకి పెన్సిలు గీత వేసినా చాలు.

దండం, రేడియో అన్నయ్యా అక్కయ్యలకి. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో 'బాల' పత్రిక పెట్టి పిల్లల రాతల్ని, గీతల్ని పిల్లలవిగానే అచ్చేశారు. నరసాపురంలో పుట్టిన సత్తిరాజు లక్ష్మీనారాయణ అనే కుర్రాడి బొమ్మలు అందులో వచ్చాయి. తర్వాత ఆ కుర్రాడు లా పట్టా పుచ్చుకున్నాడు, దాన్ని పక్కనబెట్టి బాపు అయ్యాడు. పిల్లలందరూ బాపులు అవుతారని కాదు. అచ్చులో చూసుకోకపోయినా ఇంటి గోడ మీద తన బొమ్మ చూసుకున్న పిల్లకి ఆ రోజు అన్నం కాస్త ఎక్కువ సయిస్తుంది.

గోడ అనగానే గృహిణుల గుండె గుభేలుమంటుంది, తెలుసు. పాతకాలపు సున్నం గోడలు ఉదారమైనవి. ఏటా సంక్రాంతికి వెల్ల పడేది, ఏడాది పాపాలన్నీ పోయేవి. ఇప్పటి నున్నటి పెయింటు గోడకి క్షమాగుణం లేదు. సరే, పడకగదిలో తలుపు వెనక మూడడుగుల ఎత్తు వరకు పిల్లకి వదిలేయండి. అదీ కుదరదంటే పాత క్యాలెండర్లు తిరగేసి అంటించండి. శుభలేఖల వెనకవైపులు, చొక్కాల అట్టలు, ఫ్రిజ్జు వచ్చిన పెట్టె. అద్దెయింటి ఓనరుగారికి ఫ్రిజ్జు పెట్టె మీద అభ్యంతరం ఉండదు.

బొమ్మ చూపించడానికి వచ్చిన బిడ్డతో "అబ్బ, బావుంది" అనేసి ఫోనులోకి పోవడం కన్నా ఊరుకోవడం నయం. "దీని కథ చెప్పవే" అనండి. చెబుతుంది. అది చెప్పింది చెప్పినట్టు కాగితం వెనక తేదీతో రాసిపెట్టండి. కథ ఎప్పుడూ సంతోషంగానే ఉండదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ నీళ్ళు కొల్లేటి మీద పడినప్పుడు లంకల దారులు మునిగాయి. అలాంటి నీళ్ళు చూసిన బిడ్డ కాగితమంతా నలుపో నీలమో పులిమి ఇస్తే, "ఇంకో రంగు లేదా?" అనకండి. పులమనివ్వండి. కాగితం చిరిగితే ఇంకోటివ్వండి.

తొమ్మిది, పదేళ్ళు వచ్చేసరికి ఒక రోజు వస్తుంది. నిన్నటిదాకా గోడలు నింపినవాడు పెన్సిలు పక్కన పడేసి "నాకు బొమ్మలు రావు" అంటాడు. తను గీసిన బాతు నిజం బాతులా లేదని వాడికి తెలిసిపోయింది. పొగిడితే నమ్మడు, తిడితే మానేస్తాడు. ఇంతకాలం మాట్లాడకుండా ఉన్న పెద్దవాళ్ళు పూనుకోవాల్సింది ఇప్పుడే. గీయడం నేర్పక్కర్లేదు, చూడ్డంలో తోడు పోవాలి. చలికాలంలో ఓ పొద్దుటిపూట కైకలూరు పక్కన ఆటపాక తీసుకుపొండి. 1999లో కొల్లేటిని అభయారణ్యం చేశారు, 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడినేలల్లో చేర్చారు. ఆ గౌరవాలు పక్షులకి తెలియవు గానీ ఆటపాక చెరువులో గూళ్ళు కట్టుకుని, మనకు తీరిగ్గా చూసుకునేంత దగ్గరలో ఉంటాయి. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, నత్తల్ని ఏరుకుతినే కొంగలు. చెరో పుస్తకం పట్టుకుని గట్టు మీద కూర్చోండి. మీరూ గీయండి. పెన్సిలు చాచి, ఒక కన్ను మూసి, మెడ ఎన్ని తలల పొడుగుందో కొలవండి. రెక్క ఎక్కడ మడత పడుతుందో చూడండి. పక్షి కదులుతుంది, బొమ్మ చెడుతుంది, కొత్త పేజీ తిప్పండి. గంట గడిచాక వాడు మీ పుస్తకంలోకి తొంగిచూస్తాడు.

"తాతయ్యా, సంచీ పైముక్కుకి తగిలించావేంటి? కిందిదానికి ఉంటుంది. అదిగో, ఆ చివరిది నోరు తెరిచింది, చూడు, చూడు. రబ్బరు ఇటివ్వు, నేను చూపిస్తాను."